మాట అరువు తెచ్చుకున్నాం... అర్థం సంగతేమిటి?

పొద్దున లేవగానే మోటారు వేసి ట్యాంకు నింపుతాం. గ్యాసు వెలిగించి కుక్కరు ఎక్కిస్తాం. మిక్సీలో చట్నీ తిప్పి, ఫ్రిజ్‌లోంచి పాలు తీసి, ఫోను ఛార్జింగు పెట్టి... పిల్లలు బడికి వెళ్లేలోగా మన నోట్లోంచి ఎన్ని ఇంగ్లీషు మాటలు దొర్లిపోతాయో లెక్కే లేదు. "ఇంకెక్కడి తెలుగమ్మా, అంతా ఇంగ్లీషే!" అని పెద్దవాళ్లు నిట్టూరుస్తుంటారు.

నాకు ఆ దిగులు అంతగా లేదండీ. వస్తువు వచ్చినప్పుడు దానితోపాటు దాని పేరూ వస్తుంది. కొత్త కోడలు పుట్టింటి పేరుతోనే కదా మనింట్లో అడుగుపెడుతుంది! నా దిగులల్లా వేరే. పేరైతే తెచ్చుకుంటున్నాం, దాని అర్థాన్ని మాత్రం చాలాసార్లు కొట్టులోనే వదిలేసి వస్తున్నాం. అందువల్ల నష్టం భాషకన్నా ముందు మనకు. ఒక్కోసారి ప్రాణానికే.

'ఎర్తు' కొడుతోందా?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు ఎండాకాలం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఉగాది వెళ్లిందంటే అటక మీది కూలరు కిందికి దిగాల్సిందే. ఇనుప రేకు డబ్బా, అందులో నీళ్లు, పక్కనే కరెంటు. ఒకరోజు దాన్ని ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది. అప్పుడు మనం ఏమంటాం? "కూలరు ఎర్తు కొడుతోంది" అంటాం.

ఇక్కడే ఉంది తిరకాసు. ఎర్తు అంటే భూమి, నేల. కరెంటు పొరపాటున రేకులోకి దిగితే, దాన్ని మన ఒంట్లోకి రానివ్వకుండా నేలలోకి పంపించే తీగను ఎర్తు తీగ అంటారు. అంటే మనల్ని కాపాడేది అది. మనమేమో షాకుకే ఎర్తు అని పేరు పెట్టాం! కాపాడేదాని పేరు తీసుకెళ్లి కొట్టేదానికి తగిలించాం.

పేరే కదా, ఏమవుతుందిలే అనుకుంటారేమో. మా వీధిలో ఒకావిడ ఇంట్లో ఏమైందో వినండి. రిపేరుకు వచ్చిన కుర్రాడు, "అక్కా, ఎర్తు వస్తుంది, ఈ వైరు తీసేస్తే పోతది" అని ఆకుపచ్చ తీగ కాస్తా కత్తిరించి వెళ్లిపోయాడు. ఆవిడకూ సబబుగానే తోచింది. ఎర్తు వస్తుంటే ఎర్తు వైరు తీసెయ్యడమే కదా మరి! సాయంత్రం వాళ్ల తమ్ముడు చూసి, లబోదిబోమని మళ్లీ వేయించాడు కాబట్టి సరిపోయింది.

అదే తీగను మొదటినుంచీ 'నేల తీగ' అని పిలిచి ఉంటే? "నేల తీగ ఎందుకు తీస్తున్నావు తమ్ముడూ, కరెంటు నేలలోకి పోవద్దా?" అని ఏ చదువూ లేని అమ్మమ్మ కూడా అడిగేది. ఒక్క మాటలో అంత బలం ఉంది.

అరువు మనకు కొత్త కాదు

అలాగని పరాయి మాటలన్నీ పారెయ్యమని నేను అనను. పారేస్తే ఇంట్లో ఏమీ మిగలదు! బట్టలు సర్దుకునే అల్మారా, చొక్కా బొత్తాం, ఆ బొత్తాం దూరే కాజా, స్నానం చేసి తుడుచుకునే తువ్వాలు, ఇల్లు కట్టే మేస్త్రీ, తినే అనాస... ఇవన్నీ పోర్చుగీసు వాళ్ల దగ్గర్నుంచి వచ్చిన మాటలు. 1498లో వాస్కోడగామా కాలికట్‌లో దిగిన తర్వాత వాళ్ల ఓడలతోపాటు ఈ మాటలూ మన దేశానికి వచ్చాయి. మరమ్మతు, కాంటా, పానా లాంటివి ఉర్దూ, హిందీల దారిలో వచ్చాయి. ఇవాళ 'కాజా కుట్టు' అంటే ఎవరైనా ఇది పరాయి మాట అనుకుంటారా?

అనుకోరు. ఎందుకంటే కాజా అంటే ఏమిటో మన చేతి వేళ్లకు తెలుసు. సూది పట్టినప్పటినుంచీ తెలుసు. అర్థం మన చేతికి వస్తే ఆ మాట మనదే. బస్సు, రోడ్డు, బల్బు... చివర ఒక 'ఉ'కారం తగిలించి మనవాళ్లు సొంతం చేసుకోలేదా? అలాంటి మాటలతో నాకు పేచీ లేదు.

మన దగ్గర 'మర' లేదా?

ఇంకో సంగతి. కొన్నిటికి మాట మన ఇంట్లోనే ఉంటుంది, మనం చూసుకోం. మా అమ్మమ్మ ప్రయాణానికి మరచెంబు తీసుకెళ్లేది. మూత తిప్పితే బిగుసుకునే చెంబు. అందులో 'మర' అంటే ఏమిటి? తిప్పి బిగించే చుట్టు. స్క్రూ అని మనం అనేది ఆ మరనే. స్క్రూకు మరమేకు అని మంచి తెలుగు మాట ఉంది. పిండిమరలోనూ మరే, గాలిమరలోనూ మరే. మా వైపు పిండిమరను గిర్నీ అంటాం, అది వేరే సంగతి!

అగ్గిపెట్టె చూడండి. ఇదీ పైనుంచి వచ్చిన వస్తువే. అగ్గి ఉన్న పెట్టె, అగ్గిపెట్టె. అగ్గి పుట్టించే పుల్ల, అగ్గిపుల్ల. ఏ పండితుడినీ అడగకుండానే అర్థమవుతుంది. గ్యాసు వచ్చాక గ్యాసు పొయ్యి, ఇప్పుడు కరెంటు పొయ్యి. పాత పొయ్యి మాటను వదలకుండా దానికి కొత్త మాట జోడించారు. రక్తపోటు, గుండెపోటు చూడండి, ఎంత చక్కని మాటలో! పోటు అంటే ఏమిటో మనకు ఎప్పట్నుంచో తెలుసు కాబట్టి వినగానే అర్థం గుండెకే తగులుతుంది.

మరి పుస్తకాల్లో పెట్టిన మాటలన్నీ ఇలా నిలిచాయా అంటే, లేదు. 1968లో హైదరాబాదులో తెలుగు అకాడమి పెట్టారు. పెద్ద చదువులు తెలుగులో చదువుకోవడానికి పుస్తకాలు, పదకోశాలు తయారుచేసింది. మేం తెలుగు మీడియం ఇంటర్‌లో చదివిన పుస్తకాలు అవే. ఆ పుస్తకాలే లేకపోతే నాలాంటి వాళ్లం అంతవరకైనా చదివేవాళ్లం కాదు, ఆ మేలు మరచిపోలేను. ఉష్ణోగ్రత అనే మాట ఇవాళ వార్తల్లో అందరూ అంటున్నారు. కానీ త్వరణం, విశిష్టోష్ణం పరీక్ష హాల్లోనే ఆగిపోయాయి. బావి మీద తిరిగే గిరకను పుస్తకంలో కప్పీ అన్నారు. గిరకతో నీళ్లు తోడే పిల్లకు కప్పీ మీద లెక్క ఇస్తే అది వేరే వస్తువేమో అనుకుంది! గిరక అనే మాటను పుస్తకంలోకి రానిచ్చి ఉంటే ఆ లెక్క సగం అక్కడే అర్థమయ్యేది.

టెలిఫోనుకు దూరవాణి, సెల్‌ఫోనుకు చరవాణి అని పెట్టారు. వినడానికి ఇంపుగానే ఉన్నాయి, పేపర్లోనూ కనబడతాయి. కానీ "నా చరవాణి ఎక్కడ పెట్టాను?" అని ఇంట్లో వెతుక్కునే వాళ్లను మీరు చూశారా?

స్పెయిన్ వాళ్లకూ ఇదే తంటా

ఈ గొడవ మనకొక్కళ్లకే అనుకోకండి. స్పానిష్ భాష స్పెయిన్‌లోనూ, సముద్రం అవతల మెక్సికో, పెరూ, అర్జెంటీనా లాంటి బోలెడు దేశాల్లోనూ మాట్లాడతారు. భాష మంచిచెడ్డలు చూడడానికి స్పెయిన్‌లో 1713లోనే ఒక అకాడమీ పెట్టుకున్నారు. ఇంగ్లీషు పనిముట్ల పేర్లతో వాళ్లూ కుస్తీ పడుతూనే ఉన్నారు.

స్క్రూడ్రైవరును స్పెయిన్‌లో 'దెస్తోర్నియదోర్' అంటారు. అంటే 'మర విప్పేది' అని. మెక్సికోలో అదే వస్తువు 'దెసార్మదోర్', అంటే 'విడగొట్టేది'. కారు టైరు మార్చేటప్పుడు కింద పెట్టి లేపే జాకీ ఉంది చూడండి, దాన్ని వాళ్లు 'గాతో' అంటారు. గాతో అంటే పిల్లి! కంప్యూటరుకు స్పెయిన్‌లో ఒక పేరు, మెక్సికోలో ఇంకో పేరు. కంప్యూటరు మౌసును స్పెయిన్‌లో తమ భాషలోనే ఎలుక అంటే, అవతలి దేశాల్లో చాలామంది మౌస్ అనే అంటున్నారు.

మనం నేర్చుకోవాల్సింది ఏమిటంటే, ఒక వస్తువుకు ఒకే పేరుండాలని వాళ్లు పట్టుబట్టి కూర్చోలేదు. ఎక్కడి వాళ్లు అక్కడ ఆ వస్తువు చేసే పనిని బట్టో, దాని ఆకారాన్ని బట్టో పేరు పెట్టుకున్నారు. మనకూ కోస్తాలో గిలక అయితే తెలంగాణలో గిరక, అక్కడ తిరగలి అయితే ఇక్కడ ఇసుర్రాయి. రెండూ తెలుగే కదా!

పొలం గట్టు మీద పుట్టిన మాటలు

మన దగ్గరా ఈ సంగతి గ్రహించిన పెద్దలున్నారు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊరూరా రైతులు వాడే మాటలను సేకరింపజేసి 'మాండలిక వృత్తిపదకోశం' తయారుచేశారు. వ్యవసాయం మాటలతో మొదటి భాగాన్ని ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో అచ్చువేసింది. చేనేత మాటల భాగం 1971లో వచ్చింది. పండితులు గదిలో కూర్చుని మాటలు పుట్టించడం కాదు, పనిచేసేవాళ్ల నోట్లో ఉన్న మాటలను గౌరవంగా రాసుకోవడం. నాగలి ఒక్కటే, దానికి మేడి, కర్రు, నొగ, కాడి అని ఎన్ని మాటలో! ప్రతి చెక్కముక్కకూ పేరుంది, ఎందుకంటే ప్రతి ముక్కకూ పనుంది.

ఆ పని ఇప్పటికీ ఆగలేదు. 1967లో సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలిన తర్వాత మిర్యాలగూడ చుట్టుపక్కల వరి పెరిగింది, వరితోపాటు రైసు మిల్లులు వెలిశాయి. ఇంజనీర్లు మేజరు, మైనరు అని కాలువలకు పేర్లు పెడితే రైతులు "మేజరు కింద మూడెకరాలు" అని వాటిని కలిపేసుకున్నారు. తూము మాత్రం తూముగానే ఉంది. ట్రాక్టరు వచ్చినా దాని వెనక తగిలించేదాన్ని గొర్రు అనే అంటున్నారు. హార్వెస్టరు కోత మిషను అయ్యింది. సూర్యాపేట మార్కెట్ వైపు లారీలు తూచే వేబ్రిడ్జిని ధర్మకాంటా అంటారు. ధర్మంగా తూచే కాంటా! ఇంగ్లీషు మాటలో బరువూ వంతెనా మాత్రమే ఉన్నాయి, మన మాటలో న్యాయం కూడా చేరింది.

ఇప్పుడు ధాన్యం కొనుగోలు కేంద్రాలను చాలా ఊళ్లలో మన మహిళా సంఘాలే నడుపుతున్నాయి కదా. అక్కడ రోజంతా వినబడే మాట 'మ్యాచర్'. "మ్యాచర్ వచ్చిందా?" "ఇంకా రాలేదు, రేపు ఎండబెట్టు." మాయిశ్చర్ అనే ఇంగ్లీషు మాట ఇలా మారింది. మాయిశ్చర్ అంటే తేమ. ప్రభుత్వం కొనే ధాన్యంలో తేమ 17 శాతానికి మించకూడదు. అంటే నూరు కిలోల వడ్లలో నీళ్ల బరువు 17 కిలోల లోపే ఉండాలి. తేమ తగ్గాలి కదా, మరి 'మ్యాచర్ రావడం' ఏమిటి? కొత్తగా వచ్చిన రైతమ్మకు తికమకగానే ఉంటుంది. "నీ వడ్లలో తేమ ఇంకా 20 ఉంది, 17కు దిగాలి" అని చెప్పి, మిషను మీది అంకె చూపిస్తే ఆమెను ఎవరూ మాయ చెయ్యలేరు. కొలిచే మిషను మన చేతిలో ఉన్నప్పుడు దాని మాట కూడా మన చేతిలో ఉండాలి.

మన మాటే మోసం చేస్తే...

తెలుగు మాట అయినంత మాత్రాన అంతా మంచిదే అనుకోవడానికీ లేదు. 'మందు' చూడండి. జ్వరానికి వేసుకునేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే! పొలంలో చల్లేది విషం. దాన్ని మందు అంటూ అంటూ మనకు భయం పోయింది. మందు డబ్బా వంటింటి గూట్లో పెడతాం, ఖాళీ అయితే కడిగి వాడుకునే వాళ్లూ ఉన్నారు.

ఆ డబ్బా మీద పలక ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది, దాని కింది సగంలో రంగు ఉంటుంది. ఎరుపైతే అన్నిటికన్నా ఘోరమైన విషం. తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, ఆఖరున ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే పరవాలేదని కాదు, మిగతావాటికన్నా తక్కువ విషం అని. చదువు రాకపోయినా రంగు కనబడుతుంది కదా. 'పురుగుల మందు' అనకుండా 'పురుగుల విషం' అని ఇంట్లో అలవాటు చేసుకుంటే పిల్లలు దాని జోలికి వెళ్లరు.

ఫోనులో వచ్చే ఓటీపీ సంగతి ఇంకోటి. ఓటీపీ, ఓటీపీ అని అందరం అంటాం. బ్యాంకు నుంచి అంటూ ఎవడో ఫోను చేసి "అమ్మా, ఓటీపీ వచ్చింది చూడండి, చెప్పండి" అంటే, అదేదో నంబరు కదా అని చదివేస్తాం. అదే "మీ బీరువా తాళంచెవి ఒకసారి ఇవ్వండి" అని అడిగితే ఇస్తామా? ఓటీపీ అంటే ఒక్కసారి పనిచేసే తాళంచెవి. ఆ మాట మనసులో ఉంటే నోరు దానంతటదే మూసుకుంటుంది. అలాగే ఫోనులో పిన్ కొడితే డబ్బు మన దగ్గర్నుంచి పోవడమే, రావడానికి పిన్ అక్కర్లేదు. ఒకవేళ మోసపోతే వెంటనే 1930కు ఫోను చెయ్యాలి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

ఇంటి పేర్లు పెట్టుకుందామా?

ఈ కింద కొన్ని మాటలు రాస్తున్నాను. ఇంగ్లీషు పేరు మానెయ్యక్కర్లేదు. కొట్టుకు వెళ్తే దాంతోనే పని. ఇంట్లో మాత్రం పని చెప్పే పేరు కూడా ఒకటి ఉండనివ్వండి.

ఎర్తు - నేల తీగ. ఆకుపచ్చగా ఉంటుంది. మూడు కాళ్ల ప్లగ్గులో లావుగా, పొడుగ్గా ఉండే కాలు దీనిదే. రెండు రంధ్రాల బోర్డులో పట్టడం లేదని ఆ కాలు విరగ్గొట్టకండి, బోర్డు మార్పించండి. కూలరులో నీళ్లు పోసేముందు ప్లగ్గు తీసెయ్యండి.

ఫ్యూజు - తెగే తీగ. కరెంటు మోతాదు మించితే తాను తెగి ఇంటిని కాపాడుతుంది. మాటిమాటికీ తెగుతోందని లావు తీగ చుడితే అది తెగదు, గోడలో వైర్లే కాలతాయి.

ఆర్‌సీసీబీ - షాకు ఆపే మీట. కరెంటు దారి తప్పి మన ఒంట్లోంచి పోతున్నా కనిపెట్టి ఆపేస్తుంది. ఇంటికి పెట్టించుకునేటప్పుడు 30 మిల్లీ ఆంపియర్లది అని అడగండి. దాని మీద పరీక్షించే చిన్న బొత్తాం ఉంటుంది, అప్పుడప్పుడు నొక్కి చూడండి. కరెంటు ఆగిపోతే అది పనిచేస్తున్నట్టు.

యూనిట్ - కరెంటు శేరు. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్. రెండువేల వాట్ల గీజరు అరగంటలోనే ఒక యూనిట్ తాగేస్తుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు అదే యూనిట్‌తో 111 గంటలు వెలుగుతుంది. ఇప్పుడు బిల్లు ఎక్కడ పెరుగుతోందో మీరే చెప్పొచ్చు!

రెగ్యులేటరు - గ్యాసు తాళం. రాత్రి పడుకునేముందు పొయ్యి గుబ్బ ఒక్కటే కాదు, ఈ తాళం కూడా వెయ్యాలి. వాసన వస్తే స్విచ్చి ముట్టుకోకుండా తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోను చెయ్యండి.

సిలిండరు మీది అంకె - పరీక్ష గడువు. పైన పట్టీ లోపలి వైపు ఏ, బీ, సీ, డీల్లో ఒక అక్షరం, పక్కన సంవత్సరం ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్, సీ అంటే జూలై నుంచి సెప్టెంబరు, డీ అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. ఆ గడువు దాటిన సిలిండరు ఇస్తే తీసుకోకండి.

ఈ పేర్లే పెట్టాలని నేను అనడం లేదు. 'కరెంటు శేరు' మా ఇంట్లో పిల్లలకు చెప్పడానికి నేను అనే మాట. మీ ఇంట్లో అందరికీ ఇట్టే అర్థమయ్యే మాట ఇంకొకటి ఉండొచ్చు. పరీక్ష ఒక్కటే. మాట వినగానే ఆ వస్తువు ఏం చేస్తుందో ఇంట్లో ముసలమ్మకూ, చిన్నపిల్లకూ తెలియాలి. పలకడానికి నోరు తిరగాలి. అంతే.

ఇంకొక్క మాట. కొత్త వస్తువు కొన్నప్పుడు కొట్టులో "ఇది నొక్కితే ఆన్, ఇది తిప్పితే ఆఫ్" అని గబగబా చెప్పి పంపించేస్తారు. మనం కూడా మనకేదో రాదని అనుకుంటారని తలూపి వచ్చేస్తాం. తలూపకండి. "అంటే ఏమిటి?" అని అడగండి. చెప్పేవాడికి తెలుగులో చెప్పడం రాకపోతే అది అతని లోటు గానీ మనది కాదు. రెండోసారీ అడగండి. పైసలు మనవి, ఇల్లు మనది, ముట్టుకునే చెయ్యీ మనదే కదా!

ఈ ఎండాకాలం కూలరు దించేముందు దాని ప్లగ్గుకు మూడో కాలు ఉందో లేదో చూడండి. ఉంటే ఇంట్లో అందరినీ పిలిచి, అది నేల తీగ అని, దాన్ని ఎవరు తీసేస్తామన్నా ఒప్పుకోవద్దని చెప్పండి.